ఒకే కస్టమర్‌కి పొద్దున మెయిల్ వెళ్తోంది, మధ్యాహ్నం బౌన్స్. సర్వర్ మార్చాలా?

బాలానగర్_అడ్మిన్
బాలానగర్‌లో మెషిన్ స్పేర్ పార్టుల కంపెనీ. నలభై మెయిల్‌బాక్సులు. ఆఫీసులోనే ఉబుంటు మీద పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే, తీసుకునే ప్రోగ్రాం), డవ్‌కాట్ (మెయిల్‌బాక్సులు చూసేది). ఏళ్లుగా ఏ గొడవా లేకుండా నడుస్తోంది. ఈమధ్య కొటేషన్లు, ఇన్‌వాయిస్‌లు కొన్ని తిరిగొస్తున్నాయి. అదే కస్టమర్, అదే అడ్రసు. పొద్దున పంపితే వెళ్తుంది, మధ్యాహ్నం పంపితే బౌన్స్. అదే మెయిల్ మళ్లీ పంపితే ఒక్కోసారి వెళ్లిపోతుంది. ఎక్కువగా జీమెయిల్, మైక్రోసాఫ్ట్ 365 మీద ఉన్న కంపెనీలు. ఇంకో రకం కూడా ఉంది: బౌన్స్ రాదు, అవతలివాళ్లు మాత్రం రాలేదంటారు. సేల్స్ వాళ్లు విసుగొచ్చి పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో పంపేస్తున్నారు. సర్వర్ పాతదైపోయింది, మార్చేయమని మా సార్ అంటున్నారు.

ఎస్‌పీఎఫ్ (మా డొమైన్ పేరుతో ఏ ఐపీలు పంపొచ్చో చెప్పే డీఎన్‌ఎస్ రికార్డు) ఉంది. పీటీఆర్ (ఐపీని బట్టి పేరు చెప్పే రికార్డు) ఉంది. డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం) లేదు, డీమార్క్ (ఆ రెండూ ఫెయిలైతే ఏం చేయాలో చెప్పే రికార్డు) లేదు. బ్లాక్‌లిస్టులన్నీ చూశాను, మా ఐపీ ఎక్కడా లేదు. ఇంకేం చూడాలి?

మబ్బు_మనిషి
ఈ రోజుల్లో కూడా ఆఫీసులో మెయిల్ సర్వర్ ఎందుకండీ? గూగుల్ వర్క్‌స్పేసో, మైక్రోసాఫ్ట్ 365నో తీసుకుని హాయిగా పడుకోండి.

లాగ్_ముందు
పడుకునే ముందు లాగ్ పెట్టండి. బౌన్స్ మెయిల్‌లో అడుగున ఉండే ఇంగ్లిష్ పేరా మొత్తం కావాలి. మెయిల్.లాగ్‌లో ఆ టైముకి స్టేటస్= అని ఉన్న లైను కూడా. డొమైన్ పేరు చెరిపేయండి. ఐపీలు మార్చాలనుకుంటే ఏది ఏదో తెలిసేలా మార్చండి. కోడు మాత్రం ఉన్నదున్నట్టు ఉండాలి.

రాత్రి_డ్యూటీ
క్యూ మొత్తం ఖాళీ చేసి రీస్టార్ట్ కొట్టు బ్రో. పోస్ట్‌సూపర్ మైనస్ డి ఆల్. చాలాసార్లు దాంతోనే సెట్ అవుతుంది.

పోస్ట్‌ఫిక్స్_పంతులు
పైన చెప్పింది దయచేసి చేయకండి. ఆ కమాండ్ క్యూలో ఉన్న ప్రతి మెయిల్‌నీ శాశ్వతంగా తీసేస్తుంది. పంపినవాళ్లకి బౌన్స్ కూడా రాదు. క్యూలో ఉన్నవి పాడైపోయినవి కావు, ఇంకా దారిలో ఉన్నవి. వాటిలో ఎవరి పర్చేజ్ ఆర్డర్ ఉందో మీకేం తెలుసు?

కోడు 4తో మొదలైతే అవతలి సర్వర్ "ఇప్పుడు కాదు, తర్వాత రా" అంటోందని. పోస్ట్‌ఫిక్స్ దాన్ని డిఫర్డ్‌లో పెట్టుకుని తనే మళ్లీ ప్రయత్నిస్తుంది. ఏమీ మార్చకపోతే మొదటి విరామం 300 సెకన్లు, తర్వాత పెరుగుతూ 4000 సెకన్ల దాకా, మొత్తం 5 రోజులు. అప్పటికీ కాకపోతేనే బౌన్స్. 5తో మొదలైతే "వద్దు" అని తేల్చేసినట్టు. వెంటనే బౌన్స్, క్యూలో ఏమీ మిగలదు. మీరు మధ్యాహ్నం బౌన్స్ అంటున్నారు కాబట్టి ఇది 5 రకం. అంటే రీస్టార్ట్‌తోనూ క్యూతోనూ దీనికి సంబంధమే లేదు.

చూడాలంటే: పోస్ట్‌క్యూ మైనస్ పి కొడితే జాబితా, ప్రతి మెయిల్ కింద బ్రాకెట్లో కారణం కనిపిస్తాయి. ఒక్క మెయిల్ లోపల ఏముందో చూడాలంటే పోస్ట్‌క్యాట్ మైనస్ క్యూ, పక్కన క్యూ ఐడీ. ఒక్కదాన్నే మళ్లీ తోయాలంటే పోస్ట్‌క్యూ మైనస్ ఐ. అనుమానం ఉన్నవాటిని పక్కన పెట్టాలంటే పోస్ట్‌సూపర్ మైనస్ హెచ్‌తో హోల్డ్‌లో వేయండి, తుడిచేయకండి.

చాయ్_సర్వర్
రీస్టార్ట్ అన్నోడు అమీర్‌పేట కోచింగ్ బ్యాచేనా? 😄

రాత్రి_డ్యూటీ
అమీర్‌పేట మీద జోకులొద్దు, సగం హైటెక్ సిటీ అక్కణ్నుంచే వచ్చింది.

బాలానగర్_అడ్మిన్
లాగ్_ముందు గారూ, ఇదిగో. ఐపీలు మార్చాను, కానీ ఏ ఐపీకి ఏది పెట్టానో అంతటా అదే ఉంచాను.

టు=<అకౌంట్స్@కస్టమర్1>, రిలే=జీమెయిల్ ఎంఎక్స్:25, డీలే=2.4, డీఎస్ఎన్=5.7.26, స్టేటస్=బౌన్స్‌డ్ (550-5.7.26 యువర్ ఈమెయిల్ హాజ్ బీన్ బ్లాక్డ్ బికాజ్ ద సెండర్ ఈజ్ అన్ఆథెంటికేటెడ్ ... డీకిమ్ = డిడ్ నాట్ పాస్, ఎస్‌పీఎఫ్ [మా డొమైన్] విత్ ఐపీ: [198.51.100.7] = డిడ్ నాట్ పాస్)

మైక్రోసాఫ్ట్ వైపు:

టు=<పర్చేజ్@కస్టమర్2>, డీఎస్ఎన్=5.7.1, స్టేటస్=బౌన్స్‌డ్ (550 5.7.1 సర్వీస్ అనవైలబుల్, క్లయింట్ హోస్ట్ [198.51.100.7] బ్లాక్డ్ యూజింగ్ స్పామ్‌హౌస్)

ఎస్‌పీఎఫ్: వి=ఎస్‌పీఎఫ్1 ఐపీ4:203.0.113.10 ~ఆల్

లాగ్_ముందు
మీ ఎస్‌పీఎఫ్‌లో ఉన్నది 203.0.113.10. గూగుల్ చూసింది 198.51.100.7. మైక్రోసాఫ్ట్ చూసిందీ అదే. ఆ రెండో ఐపీ ఎవరిది?

వైర్లు_వైర్లు
ఆఫీసులో రెండో ఇంటర్నెట్ లైన్ వేశారా ఈమధ్య?

బాలానగర్_అడ్మిన్
అవును. మొదటి లైన్ తరచూ పడిపోతోందని కిందటి నెల ఇంకో కంపెనీ బ్రాడ్‌బ్యాండ్ తీసుకున్నాం. వెండర్ వచ్చి మైక్రోటిక్ రౌటర్ పెట్టి రెండిటినీ లోడ్ బ్యాలెన్స్ చేసి వెళ్లాడు. నెట్ స్పీడు బాగుందని అందరూ సంతోషంగా ఉన్నారు. సర్వర్ మీద నేనేం ముట్టుకోలేదు కాబట్టి దీనికీ దానికీ లింకు ఉంటుందనుకోలేదు. మరి సర్వర్ నుంచి నా ఐపీ ఏంటని కర్ల్ కమాండ్‌తో ఒక సైటుని అడిగితే 203.0.113.10 అనే వచ్చిందే?

చాయ్_సర్వర్
దొరికింది దొంగ. గా సర్వర్‌ను ఏం జేయకున్రి అన్నా, పాపం దాని తప్పేం లేదు.

వైర్లు_వైర్లు
కర్ల్ వెళ్లింది 443 పోర్టు మీద (అది వెబ్‌ది, సర్వర్ మెయిల్ పంపేది 25 మీద), అదీ ఒక్క కనెక్షన్. లోడ్ బ్యాలెన్స్ ప్రతి కొత్త కనెక్షన్‌కీ విడిగా లైన్ ఎంచుకుంటుంది. మైక్రోటిక్‌లో సాధారణంగా వాడేది పీసీసీ, అంటే కనెక్షన్లని లైన్ల మధ్య పంచే పద్ధతి. దాంట్లో రెండువైపుల అడ్రసులు, పోర్టులు కలిపి లెక్క వేసే పద్ధతి పెడితే, సోర్స్ పోర్టు ప్రతిసారీ మారుతుంది కాబట్టి ఒకే కస్టమర్‌కి ఒకసారి ఈ లైను, ఇంకోసారి ఆ లైను. అందుకే మళ్లీ పంపితే వెళ్తోంది. ఒట్టి అడ్రసుల మీదే లెక్క పెట్టినా జీమెయిల్ ఎంఎక్స్‌కి (మెయిల్ తీసుకునే సర్వర్‌కి) చాలా ఐపీలు ఉంటాయి, అక్కడా మారిపోతుంది. పొద్దున, మధ్యాహ్నం అన్నది కాకతాళీయం.

కాబట్టి "నా ఐపీ ఏంటి" సైట్లు మెయిల్ విషయంలో పనికిరావు. సరైన పరీక్ష: సర్వర్ నుంచి ఒక జీమెయిల్ అకౌంటుకి నాలుగైదు మెయిళ్లు విడివిడిగా పంపండి. వెళ్లినవాటిలో షో ఒరిజినల్ తెరిచి, గూగుల్ ఎంఎక్స్ రాసిన రిసీవ్డ్ లైనులో బ్రాకెట్లో ఉన్న ఐపీ చూడండి. బయటి ప్రపంచానికి మీరెవరో చెప్పేది ఆ ఒక్క లైనే. వెళ్లిపోయిన మెయిళ్లకి మీ పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో అది దొరకదు, దానికి తెలిసింది 192.168 అడ్రసు మాత్రమే.

మబ్బు_మనిషి
సరే, ఒప్పుకుంటున్నా. కానీ బ్లాక్‌లిస్టుల్లో లేదన్నారుగా?

పోస్ట్‌ఫిక్స్_పంతులు
ఆయన చూసింది 203ని. 198ని చూసి ఉండరు. పైగా అది స్పామ్ పంపి లిస్టులో పడినట్టు కాదు. బ్లాక్‌లిస్టులు నడిపే స్పామ్‌హౌస్‌లో పీబీఎల్ అని ఒకటుంది. ఇళ్లకి, చిన్న ఆఫీసులకి ఇచ్చే బ్రాడ్‌బ్యాండ్ ఐపీల నుంచి నేరుగా మెయిల్ రాకూడదన్న విధానం అది. చాలాసార్లు ఆ ఐపీలను ఇంటర్నెట్ కంపెనీలే స్వయంగా అందులో పెట్టిస్తాయి. వాళ్ల లిస్టులన్నీ కలిపిన జెన్ లిస్టుని అడిగితే వచ్చే జవాబును బట్టి తెలుస్తుంది: 127.0.0.2 అయితే ఎస్‌బీఎల్, 3 అయితే సీఎస్ఎస్ (రెండూ స్పామ్ పంపే ఐపీలవి), 4 అయితే ఎక్స్‌బీఎల్ (వైరస్ తగిలిన మెషిన్లది), 10 లేదా 11 అయితే పీబీఎల్. మొదటి మూడింటిలో ఏది వచ్చినా మీ దగ్గర ఏదో జరుగుతున్నట్టు. పీబీఎల్ వస్తే ఆ లైను మెయిల్‌కి తగినది కాదని అర్థం, అంతే.

రాత్రి_డ్యూటీ
అయితే ఎస్‌పీఎఫ్‌లో రెండో ఐపీ కూడా కలిపేస్తే అయిపోయె కదా. ఐపీ4:198.51.100.7 అని ఇంకో ముక్క.

లాగ్_ముందు
జీమెయిల్ సగం శాంతిస్తుంది, మైక్రోసాఫ్ట్ శాంతించదు. పీబీఎల్ పోదు, పీటీఆర్ రాదు. పీటీఆర్ అనేది మీ డొమైన్ డీఎన్‌ఎస్‌లో పెట్టుకునేది కాదు, ఐపీ ఎవరిదో వాళ్లు పెట్టాలి. డైనమిక్ బ్రాడ్‌బ్యాండ్‌కి ఎవరూ పెట్టరు. రేపు రౌటర్ రీస్టార్ట్ అయితే ఆ ఐపీయే మారిపోతుంది. అప్పుడు మీ ఎస్‌పీఎఫ్‌లో ఉన్న ఐపీ ఇంకెవరి ఇంట్లోనో ఉంటుంది, వాళ్లు మీ పేరుతో దర్జాగా పంపుకోవచ్చు.

పోస్ట్‌ఫిక్స్_పంతులు
ఒక హెచ్చరిక. ఎస్‌పీఎఫ్ మార్చేటప్పుడు చాలామంది పాతది ఉంచి కొత్త టీఎక్స్‌టీ రికార్డు ఇంకోటి చేరుస్తారు. ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండుంటే పర్మ్ఎర్రర్, అంటే రెండూ లేనట్టే. ఇన్‌క్లూడ్‌లు, ఏ, ఎంఎక్స్ లాంటివన్నీ కలిపి డీఎన్‌ఎస్ వెతుకులాటలు 10 దాటినా పర్మ్ఎర్రరే. ఐపీ4 ముక్కలు ఈ లెక్కలోకి రావు. మార్కెటింగ్ వాళ్లకో ఇన్‌క్లూడ్, హెచ్‌ఆర్ వాళ్లకో ఇన్‌క్లూడ్ అంటూ పెంచుకుంటూ పోతే 10 ఎప్పుడు దాటిందో కూడా తెలియదు, ఎందుకంటే ఒక్కో ఇన్‌క్లూడ్ లోపల ఇంకో మూడు నాలుగు ఉంటాయి.

వైర్లు_వైర్లు
మైక్రోటిక్‌లో చేయాల్సింది. రౌటర్ఓఎస్ 7 అనుకుని చెప్తున్నా. సర్వర్ 192.168.1.5 అనుకుందాం.

ముందు రౌటింగ్ టేబుల్స్‌లో ఎఫ్‌ఐబీ టిక్ పెట్టి కొత్త టేబుల్ ఒకటి చేసి, అందులో మొదటి లైన్ గేట్‌వేకి డీఫాల్ట్ రూట్ ఇవ్వండి. తర్వాత మ్యాంగిల్‌లో (ప్యాకెట్లకి గుర్తు పెట్టే చోటు) ప్రీరౌటింగ్ చెయిన్: సోర్స్ 192.168.1.5, టీసీపీ, డెస్టినేషన్ పోర్టు 25, యాక్షన్ మార్క్ రౌటింగ్, పాస్‌త్రూ తీసేయాలి. ఈ రూలు పీసీసీ రూల్స్‌కి పైన ఉండాలి. కింద ఉంటే పీసీసీ ముందే లైను తేల్చేస్తుంది, మీది ఉన్నా లేనట్టే. ఫాస్ట్‌ట్రాక్ ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు మ్యాంగిల్‌ని దాటేసి వెళ్లిపోతాయి, కాబట్టి సర్వర్ ట్రాఫిక్ దానిలోకి పోకుండా చూసుకోండి.

అది సగం పని. మొదటి లైను పడిపోయినప్పుడు మీ టేబుల్లో రూటు ఉండదు, ప్యాకెట్ మెయిన్ టేబుల్‌కి వెళ్లి రెండో లైను పట్టుకుంటుంది. మళ్లీ అదే బౌన్స్. అందుకని ఫైర్‌వాల్ ఫార్వర్డ్ చెయిన్‌లో ఇంకో రూలు: ఔట్ ఇంటర్‌ఫేస్ రెండో లైను, టీసీపీ 25, డ్రాప్.

మొదటి లైన్‌లో మీకు ఒకటి కంటే ఎక్కువ ఐపీలు ఇచ్చి ఉంటే మాస్కరేడ్ (బయటి ఐపీని రౌటరే ఎంచుకునే పద్ధతి) వదిలేసి, ఎస్ఆర్‌సీ నాట్‌తో సర్వర్‌ని 203.0.113.10కే కట్టండి. పక్క ఐపీతో బయటికి వెళ్తే పీటీఆర్ తప్పుతుంది.

రాత్రి_డ్యూటీ
మొదటి లైను పడితే మెయిళ్లు ఆగిపోతాయిగా అప్పుడు? రెండో లైను తీసుకున్నదే దానికి.

వైర్లు_వైర్లు
ఆగనివ్వండి. క్యూలో గంట కూర్చుంటే నష్టం లేదు, లైను రాగానే వెళ్తుంది. తప్పు లైను మీద వెళ్తే 550 తగిలి వెనక్కొచ్చేస్తుంది, సేల్స్ వాళ్లు మళ్లీ టైప్ చేసి పంపాలి. బ్రౌజింగ్‌కి రెండు లైన్లు, మెయిల్‌కి ఒకే లైను. ఇదొక్కటి గుర్తుంటే చాలు.

పోస్ట్‌ఫిక్స్_పంతులు
మెయిల్ ఆగిందని స్టాఫ్‌కి తెలియాలంటే డీలే వార్నింగ్ టైమ్‌ని 4 గంటలకు పెట్టండి. డీఫాల్ట్ సున్నా, అంటే 5 రోజులు ఆగిపోయినా పంపినవాడికి ఒక్క ముక్క కూడా చెప్పదు.

చాయ్_సర్వర్
ఇంకో మాట. పోర్ట్ 25 బయటికి సర్వర్‌కు తప్ప ఆఫీసులో ఏ పీసీకి ఇయ్యొద్దు. ఒక్క డబ్బాకు వైరస్ తగిలి అది 25 మీద స్పామ్ కొడ్తే, బయటికి కనవడేది మీ మెయిల్ సర్వర్ ఐపీయే, నాట్ వెనుక అందరిదీ ఒక్కటే కదా. సీదా ఎక్స్‌బీఎల్‌ల వడ్తది. గప్పుడు లాగ్ ఎంత జూసినా సర్వర్ల ఏం దొరకది, ఎందుకంటే ఆ మెయిళ్లు సర్వర్ నుంచి పోనే లేదు. స్టాఫ్ ఔట్‌లుక్‌లకు 587 గానీ 465 గానీ చాలు.

కూకట్‌పల్లి_సైట్లు
థ్రెడ్ మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, మాది ఇలాంటిదే. కంపెనీ మెయిల్ వర్క్‌స్పేస్‌కి మార్చాం. వెబ్‌సైట్ మాత్రం పాత హోస్టింగ్‌లోనే, సీప్యానెల్. ఎవరు మెయిల్ పంపినా వస్తోంది, మా సొంత వెబ్‌సైట్ కాంటాక్ట్ ఫారం నుంచి మాత్రం రాదు. 550 నో సచ్ యూజర్ అంటుంది. ఆ యూజర్ ఉన్నాడు!

లాగ్_ముందు
వర్క్‌స్పేస్‌లో ఉన్నాడు, సీప్యానెల్‌లో లేడు. ఆ హోస్టింగ్ సర్వర్ మీ డొమైన్‌కి తనే మెయిల్ సర్వర్ననుకుంటోంది, బయట ఎంఎక్స్ ఏముందో చూడటం లేదు. సీప్యానెల్‌లో ఈమెయిల్ రౌటింగ్‌కి వెళ్లి లోకల్ మెయిల్ ఎక్స్‌ఛేంజర్ తీసేసి రిమోట్ పెట్టండి. సొంత పోస్ట్‌ఫిక్స్ అయితే మైడెస్టినేషన్‌లోనూ, వర్చువల్ డొమైన్ల జాబితాలోనూ ఆ డొమైన్ మిగిలిపోయిందేమో చూడాలి. 550 వస్తోంది కాబట్టి మీకు తెలిసింది. పాత మెయిల్‌బాక్సులు అక్కడే ఉండుంటే నిశ్శబ్దంగా వాటిలో పడేవి, ఎవరికీ తెలిసేది కాదు.

కూకట్‌పల్లి_సైట్లు
రిమోట్ పెట్టగానే వచ్చింది, కానీ స్పామ్‌లో.

లాగ్_ముందు
ఫారం నింపినవాడి జీమెయిల్ అడ్రస్‌ని ఫ్రమ్‌లో పెడుతోంది మీ సైటు. జీమెయిల్ పేరుతో మీ హోస్టింగ్ నుంచి మెయిల్ వస్తే గూగుల్ ఎలా నమ్ముతుంది? ఫ్రమ్ మీ డొమైన్‌ది పెట్టి, ఆయన అడ్రస్ రిప్లై-టులో పెట్టండి. పీహెచ్‌పీ మెయిల్ ఫంక్షన్ వదిలేసి లాగిన్‌తో ఎస్ఎంటీపీ వాడితే ఇంకా మంచిది.

బాలానగర్_అడ్మిన్
మైక్రోటిక్‌లో వైర్లు_వైర్లు గారు చెప్పినట్టే చేయించాను. జీమెయిల్‌కి పంపినవన్నీ ఇప్పుడు 203.0.113.10 నుంచే వెళ్తున్నాయి, రిసీవ్డ్ లైన్లో చూశాను. బౌన్స్‌లు ఆగాయి. ఇంతకుముందు బౌన్స్ అయినవి వాటంతటవే మళ్లీ వెళ్తాయా?

రెండో రకం మాత్రం అలాగే ఉంది. ఒక ఫార్మా కస్టమర్, వాళ్లది 365. మా లాగ్‌లో స్టేటస్=సెంట్, 250 2.6.0, క్యూడ్ మెయిల్ ఫర్ డెలివరీ అని ఉంది. వాళ్లు రాలేదంటున్నారు.

పోస్ట్‌ఫిక్స్_పంతులు
వెళ్లవు. 5తో బౌన్స్ అయినవి మీ సర్వర్ వదిలేసింది, పంపినవాళ్లే మళ్లీ పంపాలి. లాగ్‌లో స్టేటస్=బౌన్స్‌డ్ అని వెతికి టు అడ్రసుల జాబితా తీసి సేల్స్ వాళ్లకివ్వండి.

ఎక్సేంజ్_అక్క
250 వచ్చిందంటే మెయిల్ వాళ్ల చేతికి అందింది. అక్కణ్నుంచి మీ లాగ్‌లో ఏమీ దొరకదు. కానీ కస్టమర్‌తో "మా దగ్గర అంతా బానే ఉంది" అంటే పని జరగదు, వాళ్లకి వెతకడానికి ఏదైనా ఇవ్వాలి. మెయిల్ హెడర్‌లోని మెసేజ్-ఐడీ, పంపిన టైము, ఆ 250 లైను మొత్తం వాళ్ల ఐటీకి పంపండి. ఎక్స్‌ఛేంజ్ అడ్మిన్ సెంటర్‌లో మెసేజ్ ట్రేస్ అని ఉంటుంది, 90 రోజుల వెనక్కి వెతకొచ్చు. డెలివర్డ్, క్వారంటీన్డ్, ఫిల్టర్డ్ యాజ్ స్పామ్, ఫెయిల్డ్ ఏదో ఒకటి చూపిస్తుంది. క్వారంటీన్‌లో ఉంటే యూజర్‌కి ఇన్‌బాక్స్‌లోనూ జంక్‌లోనూ కనిపించదు. హై కాన్ఫిడెన్స్ ఫిషింగ్ అని పడితే యూజర్ తనంతట తను విడిపించుకోలేడు, అడ్మినే వదలాలి.

జంక్‌లో దొరికితే ఆ మెయిల్ హెడర్లు అడిగి తెప్పించుకోండి. ఎస్‌సీఎల్ (స్పామ్ స్కోరు) 5, 6 అయితే స్పామ్, 9 అయితే గట్టి స్పామ్. ఆథెంటికేషన్ రిజల్ట్స్ లైన్లో కాంప్‌ఆథ్=ఫెయిల్ (పంపినవాడు అసలువాడని మైక్రోసాఫ్ట్ నమ్మలేదని) ఉందేమో చూడండి. డీకిమ్ లేదు, డీమార్క్ లేదు అంటున్నారు కాబట్టి నా అనుమానం అటే.

మబ్బు_మనిషి
అక్కా, ఈ తలనొప్పులన్నీ చూశాక కూడా సొంత సర్వర్ అంటారా?

ఎక్సేంజ్_అక్క
365కి మారినా ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మనమే పెట్టుకోవాలి తమ్ముడూ. డీఎన్‌ఎస్ ఎవరూ వచ్చి చేసిపెట్టరు. ఇక లిమిట్లు అక్కడా ఉన్నాయి. వర్క్‌స్పేస్‌లో ఒక యూజర్ రోజుకి 2,000 మెయిళ్లు, ఎక్స్‌ఛేంజ్ ఆన్‌లైన్‌లో రోజుకి 10,000 మంది రిసిపియెంట్లు, నిమిషానికి 30 మెయిళ్లు. నెలాఖరున అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఇన్‌వాయిస్‌లన్నీ ఒకేసారి తోస్తే ఆ నిమిషానికి 30 దగ్గర తగులుకుంటుంది. ఈయన సమస్య రౌటర్‌లో ఉంది, దానికి మెయిల్ మొత్తం మార్చడం దండగ.

వైర్లు_వైర్లు
మధ్యే మార్గం కూడా ఉంది. మెయిల్‌బాక్సులు ఆఫీసులోనే ఉంచి, బయటికి పంపేది మాత్రం రిలే (మన మెయిల్ తీసుకుని పంపిపెట్టే సర్వీసు) ద్వారా. అమెజాన్ ఎస్‌ఈఎస్‌కి ముంబై రీజియన్ ఉంది. పోర్టు 587 మీద లాగిన్‌తో వెళ్తుంది కాబట్టి మీది ఏ లైను అన్నది ఎవరికీ పట్టదు. రిలేహోస్ట్ రాసేటప్పుడు పేరు చుట్టూ చదరపు బ్రాకెట్లు పెట్టండి, లేకపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకి ఎంఎక్స్ వెతుకుతుంది. కొత్త అకౌంట్ శాండ్‌బాక్స్‌లో ఉంటుంది: 24 గంటల్లో 200 మెయిళ్లు, అదీ వెరిఫై చేసిన అడ్రసులకే. దాన్నుంచి బయటికి తీయమని అడిగి, ఒప్పుకున్నాకే అసలు మెయిల్ మళ్లించండి. సర్వర్‌నే క్లౌడ్ మెషిన్‌లోకి మార్చేద్దామనుకునేవాళ్లకి: ఏడబ్ల్యూఎస్‌లో బయటికి 25 డీఫాల్ట్‌గా మూసి ఉంటుంది, అడిగితే తెరుస్తారు. గూగుల్ క్లౌడ్‌లో బయటి ఐపీలకి 25 సాధారణంగా మూసే ఉంటుంది.

పోస్ట్‌ఫిక్స్_పంతులు
బాలానగర్ గారూ, డీకిమ్ ఇప్పుడే పెట్టేయండి. గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి రూల్స్ గట్టి చేశాయి. జీమెయిల్‌కి పంపే ప్రతి ఒక్కరికీ ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్, పీటీఆర్, టీఎల్‌ఎస్ (దారిలో ఎన్‌క్రిప్షన్) ఉండాలి. రోజుకి 5,000 దాటితే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ. మీరు ఎస్‌పీఎఫ్ అనే ఒంటికాలి మీద నిలబడ్డారు కాబట్టే ఐపీ మారగానే పడ్డారు. డీకిమ్ సంతకం ఐపీని పట్టించుకోదు.

ఓపెన్‌డీకిమ్ వేసుకుని జెన్‌కీతో 2048 బిట్ల కీ చేయండి, సెలెక్టర్ పేరు ఏదైనా పర్లేదు, ఏడాది పేరు పెడితే తర్వాత మార్చేటప్పుడు తికమక ఉండదు. తర్వాత జనం ఎక్కువగా పడే గోతులు:

టీఎక్స్‌టీ రికార్డులో ఒక ముక్క 255 అక్షరాలు దాటకూడదు, 2048 కీ దాటుతుంది. ఫైల్లో అది రెండు మూడు కొటేషన్ ముక్కలుగా వస్తుంది. కొన్ని డొమైన్ ప్యానెళ్లు కొటేషన్లు తీసేసి ఒకటిగా అతికించమంటాయి, కొన్ని అలాగే తీసుకుంటాయి. మధ్యలో ఒక కొటేషన్ గుర్తో బ్రాకెట్టో మిగిలిపోతే డీకిమ్ ఫెయిల్. పెట్టాక డిగ్‌తో తీసి, ఓపెన్‌డీకిమ్ టెస్ట్‌కీతో సరిచూడండి.

ఉబుంటులో ఓపెన్‌డీకిమ్ సాకెట్ రన్ ఫోల్డర్లో ఉంటుంది, పోస్ట్‌ఫిక్స్ మాత్రం తన స్పూల్ ఫోల్డర్లో బందీ. అది దీనికి కనపడదు. సాకెట్‌ని ఐనెట్:8891@లోకల్‌హోస్ట్‌కి మార్చి, పోస్ట్‌ఫిక్స్‌లో ఎస్ఎంటీపీడీ మిల్టర్స్, నాన్ ఎస్ఎంటీపీడీ మిల్టర్స్ రెండిటికీ ఐనెట్:లోకల్‌హోస్ట్:8891 అని ఇవ్వండి (పోస్ట్‌ఫిక్స్ రాత వేరు). మిల్టర్ డీఫాల్ట్ యాక్షన్ యాక్సెప్ట్ పెట్టండి, లేకపోతే ఓపెన్‌డీకిమ్ పడిపోయిన రోజు స్టాఫ్ ఒక్క మెయిల్ పంపలేరు.

ఇంకోటి, ఆఫీసుల్లో ఖాయంగా తగిలేది. లాగిన్ అయి పంపినవాటికి సంతకం పడుతుంది. స్కాన్-టు-ఈమెయిల్ ప్రింటరు, లాగిన్ లేకుండా పంపే అకౌంట్స్ పీసీ లాంటివాటికి పడదు. ఇంటర్నల్ హోస్ట్స్‌లో 192.168.1.0/24 చేర్చాలి. మెయిల్ కింద డిస్‌క్లెయిమర్ అతికించే ప్రోగ్రాం ఏదైనా ఉంటే అది సంతకానికి ముందే అతికించాలి. తర్వాత అతికిస్తే బాడీ మారుతుంది, సంతకం చెల్లదు.

రాత్రి_డ్యూటీ
పంతులుగారూ, ఇది పిన్ చేయాల్సిన పోస్టు. ఒక డౌటు: మా సర్వర్ డీఎన్‌ఎస్ 8.8.8.8కి మార్చాక బయటి నుంచి మాకొచ్చే మెయిళ్లన్నీ స్పామ్‌హౌస్ పేరుతో రిజెక్ట్ అవుతున్నాయి. ఇదేంటి?

లాగ్_ముందు
8.8.8.8 లాంటి పబ్లిక్ రిజాల్వర్ల నుంచి అడిగితే స్పామ్‌హౌస్ 127.255.255.254 అని ఎర్రర్ కోడు ఇస్తుంది. మీ పోస్ట్‌ఫిక్స్ ఏ జవాబొచ్చినా లిస్టెడ్ అనుకుని తన్నేస్తోంది. ఆర్‌బీఎల్ (బ్లాక్‌లిస్ట్) లైన్లో =127.0.0.[2..11] అని చేర్చండి, సర్వర్‌లోనే అన్‌బౌండ్ లాంటి సొంత రిజాల్వర్ వేసుకోండి. పనిలో పనిగా ఆ లైన్లో సోర్బ్స్ అనే పాత బ్లాక్‌లిస్ట్ ఇంకా ఉంటే తీసేయండి, 2024 జూన్‌లోనే మూతపడింది.

చాయ్_సర్వర్
బాలానగర్ అన్నా, కొత్త లైన్ ఐపీవీ6 ఇస్తుందేమో కూడా ఓసారి జూడు. సర్వర్‌కు గది తగిలితే జీమెయిల్‌కు గండ్లకెల్లే పోతది, మైక్రోటిక్‌ల రాసిన ఐపీవీ4 రూలు దాన్ని ముట్టదు. దానికి పీటీఆర్ ఉండది, మళ్ల 550. ఐనెట్ ప్రోటోకాల్స్ = ఐపీవీ4 పెట్టి పోస్ట్‌ఫిక్స్ రీస్టార్ట్ చెయ్. రీలోడ్ సరిపోదు. గిక్కడ రీస్టార్ట్ కరెక్టే, రాత్రి డ్యూటీ తమ్ముడు ఖుష్ అయితడు.

బాలానగర్_అడ్మిన్
ఐపీవీ6 ఉంది, ఆపేశాను. డీకిమ్ పెట్టాను. మొదట ఫెయిల్ అయింది, డొమైన్ ప్యానెల్ కీ మధ్యలో కొటేషన్లు అలాగే ఉంచేసింది. ఇప్పుడు షో ఒరిజినల్‌లో ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్. ఫార్మా కస్టమర్ ఐటీ వాళ్లు మెసేజ్ ట్రేస్ చూశారు, అక్క చెప్పినట్టే క్వారంటీన్. విడుదల చేశారు. డీకిమ్ తర్వాత పంపినవి నేరుగా ఇన్‌బాక్స్‌కే వెళ్తున్నాయి. డీమార్క్ నేరుగా రిజెక్ట్ పెట్టేయనా?

ఎక్సేంజ్_అక్క
వద్దు. ముందు పి=నన్ (ఏదీ ఆపొద్దు, రిపోర్టు మాత్రం పంపు అని) పెట్టి ఆర్‌యూఏలో రిపోర్టుల కోసం విడిగా ఒక మెయిల్‌బాక్స్ ఇవ్వండి. గూగుల్, మైక్రోసాఫ్ట్ రోజూ జిప్ చేసిన ఎక్స్ఎంఎల్ పంపుతాయి. అందులో మీ డొమైన్ పేరుతో ఏ ఐపీ నుంచి ఎన్ని మెయిళ్లు వచ్చాయో, ఎస్‌పీఎఫ్, డీకిమ్ పాసో ఫెయిలో ఉంటుంది. మీకు తెలియని పంపేవాళ్లు బయటపడేది అక్కడే. అవన్నీ సర్దాక క్వారంటీన్, ఆ తర్వాత రిజెక్ట్.

బాలానగర్_అడ్మిన్
మొదటి రిపోర్టులు వచ్చాయి. మా 203 ఐపీ అంతా పాస్. ఇంకో ఐపీ ఉంది, రెండూ ఫెయిల్. ఆరా తీస్తే మా శాలరీ స్లిప్పులు పంపే పేరోల్ వెండర్‌ది, హెచ్‌ఆర్@ మా డొమైన్ పేరుతోనే పంపుతున్నారు.

ఎక్సేంజ్_అక్క
వాళ్లని డీకిమ్ అడగండి. సాధారణంగా రెండు మూడు సీనేమ్ రికార్డులు ఇస్తారు, అవి మీ డీఎన్‌ఎస్‌లో పెడితే మీ డొమైన్ పేరుతోనే సంతకం పడుతుంది. ఒట్టి ఎస్‌పీఎఫ్ ఇన్‌క్లూడ్ ఇచ్చి సరిపోతుందంటే ఒప్పుకోకండి. వాళ్ల మెయిళ్లలో రిటర్న్-పాత్ వాళ్ల డొమైన్‌దే అయితే, ఎస్‌పీఎఫ్ పాస్ అయినా మీ ఫ్రమ్‌తో కలవదు కాబట్టి డీమార్క్ ఫెయిలే. వాళ్లు సర్దేదాకా పి=నన్ దాటకండి, లేకపోతే ఒకటో తారీఖున శాలరీ స్లిప్ రాలేదని ఆఫీసంతా మీ సీటు దగ్గరికే వస్తారు.